తెలుగు టెలివిజన్ వార్తా వేదిక: స్టూడియో పరిణామం, వార్తా భాష, ఊరి చిరునామా

ఉపోద్ఘాతం

తెలుగు టెలివిజన్ వార్తల భాషను పరిశీలించేవారు సాధారణంగా పదజాలం, ఆంగ్ల మిశ్రమం, ఉచ్చారణ దోషాలు, శీర్షికల నిర్మాణం వంటి అంశాలపై దృష్టి నిలుపుతారు. ఆ భాష పుట్టే స్థలం మాత్రం చర్చలోకి అరుదుగా వస్తుంది. పత్రికా రచనకు అచ్చు యంత్రం, పేజీ కొలత, కాలమ్ వెడల్పు ఎంతటి నిర్ణాయకాలో టెలివిజన్ వార్తకు స్టూడియో అంతటి నిర్ణాయకం. బల్ల ఎత్తు, కెమెరా దూరం, దీపాల వేడి, వెనుక తెర, చదువరి ఎదుట నడిచే అక్షరాలు అన్నీ కలిసి వాక్యం పొడవును, క్రియాపదాన్ని, సంబోధనను, చివరకు ఒక ఊరి పేరు పలికే తీరును ప్రభావితం చేస్తాయి.

ఈ వ్యాసం 1975 నుంచి నేటి వరకు తెలుగు వార్తా స్టూడియోలో వచ్చిన ప్రధానమైన మార్పులను కాలక్రమంలో పరిశీలిస్తుంది. ఆ మార్పుల ఫలితాన్ని స్టూడియో లోపలి నుంచే గాక, జనగామ జిల్లాలోని లింగాల ఘనపూర్ వంటి ఒక మండల కేంద్రం వైపు నుంచి కూడా అంచనా కట్టడం దీని ఉద్దేశం. వేదిక ఆధునికమైన ప్రతిసారీ ఊరు తెరపై మరింత స్పష్టంగా కనిపించిందా అన్నది ఇక్కడి మూల ప్రశ్న.

1. ఒకే దృశ్యం, రెండు గొంతులు: ఉపగ్రహ ప్రయోగం

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. తెలుగు పల్లెకు అది చేరడానికి మరో పదహారేళ్లు పట్టింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలను అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా అనుసంధానించింది. కార్యక్రమాల నిర్మాణ కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి.

ఈ ప్రయోగంలో భాషా పరిశోధకులు గమనించదగిన సాంకేతికాంశం ఒకటున్నది. ఒక దృశ్య మార్గానికి రెండు ధ్వని మార్గాలు ఉండేవి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గ్రామాలవారు ఒకే దృశ్యాన్ని చూస్తూ, ఒకరు తెలుగులోను మరొకరు కన్నడంలోను వినగలిగే ఏర్పాటు అది. దృశ్యం ఉమ్మడిది అయినప్పుడు పెదవుల కదలికకు మాట సరిపోవాలన్న నియమం పెద్ద అడ్డంకి అవుతుంది. అందువల్ల తెరపై ముఖం మాట్లాడటం కన్నా, దృశ్యం వెనుక గొంతు వ్యాఖ్యానించడమే అనువైన పద్ధతి. తెలుగు టెలివిజన్ గద్యం ముఖంతో గాక వ్యాఖ్యానంతో మొదలైందని చెప్పడానికి ఇది ఒక ఆధారం. రేడియో నుంచి వచ్చిన శ్రవ్య గద్యమే ఆనాడు దృశ్యానికి తోడు నడిచింది.

2. బల్ల, కాగితం, ముఖం: దూరదర్శన్ దశ

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న మొదలయ్యాయి. ఆ తొలి వార్తలు చదివిన శాంతిస్వరూప్ తెలుగు టెలివిజన్ తొలి వార్తా చదువరిగా చరిత్రలో నిలిచారు. 2011లో పదవీ విరమణ చేసి, 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. టెలీప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో ఆయన కాగితాలను చూసి, తలెత్తి, ప్రేక్షకుని కళ్లలోకి చూస్తున్నట్లుగా వార్తలు చదివేవారు.

ఈ పద్ధతిని కేవలం వ్యక్తిగత ప్రతిభగా చూస్తే సరిపోదు. కాగితం చూసి చదివే వ్యక్తి ఒక వాక్యాన్ని, కనీసం దానిలోని ఒక ఉపవాక్యాన్ని ముందుగా మనసులో నిలుపుకోవాలి. తెలుగులో క్రియ వాక్యాంతంలో వస్తుంది. క్త్వార్థకాలు, ధాతుజ విశేషణాలు వరుసగా పేర్చుకుంటూ పోయే దీర్ఘవాక్యం చివరి క్రియను చదువరి ముందే చూసి ఉంటేనే స్వరం సరిగా దిగుతుంది. కాగితం ఆ అవకాశం ఇస్తుంది. పేజీ మొత్తం ఒకేసారి కంటికి కనిపిస్తుంది. అందువల్ల దూరదర్శన్ తొలినాటి వార్తా గద్యం పత్రికా గద్యానికి, ఆకాశవాణి గద్యానికి దగ్గరగా, సమాపక క్రియతో ముగిసే పూర్ణవాక్యాలతో సాగగలిగింది.

స్టూడియో రూపం కూడా ఈ గద్యానికి తగినట్లే ఉండేది. ఒక బల్ల, సాదా నేపథ్యం, కదలని కెమెరా, నడుము పైభాగం వరకు కనిపించే వ్యక్తి ఆ వేదిక స్వరూపం. టంగ్‌స్టన్ హాలోజన్ దీపాల వేడి తీవ్రంగా ఉండటం వల్ల ఏసీ తప్పనిసరి. ఆ యంత్రాల శబ్దం మైకులో పడకుండా గోడలకు ధ్వనిశోషక పలకలు అమర్చాలి. 1982లో దేశంలో రంగుల ప్రసారం మొదలు కావడంతో దుస్తుల ఎంపిక కూడా సాంకేతిక విషయమైంది. సన్నని చారల చీర కెమెరాలో మెరిసి కదిలినట్లు కనిపిస్తుంది. తెల్లని తెలుపు వెలుగును అతిగా వెదజల్లుతుంది. చదువరి చీర రంగు, చొక్కా నమూనా ఇంజనీరు మాట విని నిర్ణయించవలసిన పరిస్థితి అలా ఏర్పడింది.

ఈ దశలో వార్తకు కేంద్ర క్రియ ‘చదవడం’. ‘వార్తలు చదువుతున్నది’ అనే సూత్రం రేడియో నుంచి సంక్రమించింది. చదువుతున్న వ్యక్తి వార్తకు కర్త కాదు, వాహకుడు మాత్రమే. వేదిక నిరాడంబరంగా ఉండటం వల్ల ప్రేక్షకుని దృష్టి వాక్యంపై నిలిచేది. ఊరు మాత్రం తెరపైకి అరుదుగా వచ్చేది. కెమెరా బృందం వెళ్లి, టేపుపై చిత్రించి, ఆ టేపును హైదరాబాదుకు చేర్చితే తప్ప జనగామ ప్రాంతపు దృశ్యం వార్తల్లో కనిపించే వీలులేదు.

3. నడిచే అక్షరాలు: ఉపగ్రహ ఛానళ్ల దశ

1995లో జెమిని, ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రారంభమైంది. తెలుగు వార్త ప్రభుత్వ స్టూడియో ఆవరణ దాటి బయటికి రావడం ఇక్కడినుంచే. 2000 నాటి విధానం ప్రైవేటు సంస్థలు దేశంలోనే సొంత భూకేంద్రాల ద్వారా ప్రసారాలను ఉపగ్రహానికి పంపే వీలును విస్తరించింది. ఆ తరువాత ప్రత్యక్ష ప్రసారాల వార్త ఆర్థికంగా సాధ్యమైంది.

ఈ దశలో హైదరాబాదుకు ఒక విలక్షణ స్థానం లభించింది. రామోజీ ఫిల్మ్ సిటీ ఆవరణ నుంచి ఈటీవీ సంస్థ తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, బంగ్లా, ఒడియా మొదలైన భాషల ఛానళ్లను నడిపింది. అనేక ప్రాంతాల వార్తలు ఒకే ఆవరణలోని స్టూడియోల నుంచి వెలువడ్డాయి. ప్రాంతీయ వార్త అంటే ఆ ప్రాంతంలోనే తయారు కావాలన్న భావనను ఇది తలకిందులు చేసింది. వార్తను సేకరించే స్థలం, వార్తను పలికే స్థలం వేరు కావచ్చునన్న నమూనా స్థిరపడింది. 2019లో ఆరంభమైన ఈటీవీ భారత్ అదే నమూనాను మొబైల్ తెరకు విస్తరించింది.

2003 డిసెంబరులో ఈటీవీ2, 2004లో టీవీ9, తేజ న్యూస్ రావడంతో తెలుగులో నిరంతర వార్తల కాలం మొదలైంది. తరువాతి ఆరేళ్లలో టీవీ5, ఎన్‌టీవీ, సాక్షి, హెచ్ఎంటీవీ, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి మొదలైనవి వచ్చాయి. రోజుకు ఒకటి రెండు బులెటిన్ల కోసం నిర్మించిన బల్ల ఇరవైనాలుగు గంటల వార్తను మోయలేదు. ఫలితంగా స్టూడియోలో మూడు మార్పులు వచ్చాయి.

మొదటిది టెలీప్రాంప్టర్ సర్వసాధారణం కావడం. కెమెరా కటకం ముందు ఏటవాలుగా ఉంచిన అద్దంపై అక్షరాలు ప్రతిఫలించి, చదువరికి మాత్రమే కనిపిస్తాయి. ఒక పంక్తిలో నాలుగైదు మాటలు, తెరపై కొన్ని పంక్తులు మాత్రమే నిలుస్తాయి. తెలుగు లిపికి ఇది మరింత ఇరుకు. వత్తులు అక్షరం కింద చోటు కోరతాయి కనుక పంక్తుల మధ్య ఎడం పెరుగుతుంది, ఒకేసారి కనిపించే పంక్తుల సంఖ్య తగ్గుతుంది. దీర్ఘవాక్యపు చివరి క్రియ తెరపైకి రాకముందే దాని ఆరంభం కనుమరుగవుతుంది. ఈ స్థితిలో రచయిత వాక్యాన్ని తుంచక తప్పదు. క్రియారహిత వాక్యాలు, నామవాచకంతో ముగిసే శీర్షికలు, ఒకటి రెండు మాటల తునకలు విస్తరించడానికి ఆంగ్ల ప్రభావం ఒక్కటే కారణం కాదు. చదువరి ఎదుటి అద్దం కొలత కూడా ఒక కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

రెండవది తెర అడుగున పరుగెత్తే అక్షరపట్టీ. దీనిలోనూ వత్తుల సమస్యే. ఆంగ్ల అక్షరాల ఎత్తుకు కుదిరిన పట్టీలో ‘స్త్ర’, ‘ష్ట్ర’ వంటి సంయుక్తాలు అడుగున తెగిపోతాయి. పట్టీ ఎత్తు పెంచితే దృశ్యానికి చోటు తగ్గుతుంది. అక్షరం తగ్గిస్తే దూరాన కూర్చున్నవారికి చదవడం కష్టం. ఈ ఒత్తిడి వల్ల పొట్టి మాటకు, సంయుక్తం లేని మాటకు, అక్షరాల పొడి సంకేతాలకు ప్రాధాన్యం పెరిగింది.

మూడవది వర్ణభేద పద్ధతి, అంటే క్రోమా. ఆకుపచ్చ లేదా నీలి తెర ముందు వ్యక్తిని నిలిపి, ఆ రంగున్న చోటంతా మరో దృశ్యాన్ని నింపే ఈ ప్రక్రియ వల్ల చిన్న గదిలోనూ పెద్ద వేదికను చూపే వీలు కలిగింది. దానికి బదులుగా ఆకుపచ్చ తెర ఉన్నచోట ఆకుపచ్చ చీర నిషిద్ధమైంది. పండుగనాటి చీర రంగును సైతం యంత్రం నిర్ణయించింది.

ఈ దశలోనే ‘వార్తా చదువరి’ అన్న మాట వెనుకబడి ‘యాంకర్’ అన్న మాట నిలిచింది. ఇది పేరు మార్పు మాత్రమే కాదు. ‘చదువుతున్నది’ స్థానంలో ‘చూద్దాం’, ‘మా ప్రతినిధి అందిస్తారు’, ‘మాతో ఉన్నారు’ వంటి క్రియలు వచ్చాయి. వాహకుడు నిర్వాహకుడయ్యాడు. చర్చావేదిక ప్రధానమయ్యాక బల్ల ఆకారం సైతం మారింది. ఎదురెదురుగా లేదా అర్ధచంద్రాకారంగా కూర్చునే అమరిక సంభాషణను వాదంగా మలచింది. ప్రశ్నార్థక వాక్యం వార్తా గద్యంలో ఇంతగా పెరగడానికి ఆ అమరిక దోహదం చేసింది.

4. తెరగోడ, పటం కథ

ఎల్ఈడీ పలకలు చవకగా దొరకడం, తెర నిష్పత్తి 4:3 నుంచి 16:9కు మారడం, కేబుల్ ప్రసారాలు 2012–2017 మధ్య దశలవారీగా డిజిటల్ కావడం స్టూడియో రూపాన్ని మరోసారి మార్చాయి. వెడల్పైన చట్రంలో బల్ల వెనుక ఒక మనిషి కూర్చుంటే రెండువైపులా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నింపడానికి గోడంత వీడియో తెర వచ్చింది. యాంకర్ లేచి నిలబడి, నడిచి, తెరను చూపుతూ చెప్పడం మొదలైంది. హాలోజన్ దీపాల స్థానంలో చల్లని ఎల్ఈడీ దీపాలు రావడంతో ఎక్కువ గంటలు వేదికపై నిలబడటం సులువైంది. ఎన్నికల రోజుల్లో కంప్యూటర్‌తో సృష్టించిన శాసనసభ నమూనా యాంకర్ పక్కన వెలుస్తున్నది.

ఈ రూపం తెలుగు నేలకు పూర్తిగా కొత్తది కాదు. పూర్వపు వరంగల్ జిల్లాలోను నేటి సిద్దిపేట జిల్లాలోను ఉన్న చేర్యాల నకాశీ చిత్రకారులు పొడవైన పటాలను చిత్రించారు. కాకిపడగలవారు, కూనపులివారు, డక్కలివారు వాటిని తెరచి, ఒక్కొక్క బొమ్మను చూపుతూ కులపురాణాలను గానం చేశారు. జనగామ పరిసర గ్రామాలకు ఇది పరిచితమైన కళ. కథకుడు నిలబడి ఉండటం, వెనుక అడ్డపట్టీలుగా విభక్తమైన చిత్రం, వేలితో లేదా కర్రతో చూపడం, చూపిన బొమ్మను ఆధారం చేసుకొని వచనం సాగడం అనే నాలుగు లక్షణాలూ తెరగోడ ముందు నిలిచిన యాంకర్‌లో కనిపిస్తాయి.

రెండింటి మధ్య వారసత్వ సంబంధం ఉందని ఈ వ్యాసం అనడం లేదు. పోలిక వల్ల తేడా స్పష్టమవుతుంది. పటం కథలో కథకుడు ఎవరి ముందు పాడుతున్నాడో వారి కథనే పాడతాడు. శ్రోతలకు కథ తెలుసు, తప్పు పాడితే నిలదీసే హక్కూ ఉంది. తెరగోడ ముందటి కథకుడు చూడని ఊరి కథను, ఆ ఊరివారు కాని ప్రేక్షకులకు చెబుతున్నాడు. ‘ఇక్కడ మీరు చూస్తున్నది’ అనే నిర్దేశక వాక్యంలోని ‘ఇక్కడ’ స్టూడియో గోడ అవుతుంది, ఊరు కాదు. దేశ్యవాచి సర్వనామం అర్థం మారిన తీరు ప్రత్యేక పరిశోధనకు అర్హమైనది.

5. మాండలికం ప్రవేశించిన వేదిక

తెలంగాణ ఉద్యమ కాలంలో టీ న్యూస్ 2011లోను, వీ6 2012లోను వచ్చాయి. వీ6లో ‘తీన్మార్’ పేరుతో ప్రసారమైన వార్తా కార్యక్రమం తెలంగాణ పలుకుబడిని నిత్యం వినిపించి విశేష ఆదరణ పొందింది. తరువాత హెచ్ఎంటీవీ ‘జోర్దార్ వార్తలు’ వంటివి ఆ దారిలో నడిచాయి. ప్రధాన బులెటిన్‌లోని చదువరికి భిన్నంగా, ఇక్కడ ఇద్దరు ముగ్గురు పాత్రధారులు ముచ్చటించుకుంటూ వార్త చెబుతారు. ‘ఏమయింది’, ‘ఎట్లయింది’, ‘జూసిండ్రా’ వంటి పలుకుబడి రోజూ వార్తావాహినిలో వినబడటం తెలంగాణ శ్రోతకు గౌరవంగా తోచింది. దశాబ్దాల పాటు సినిమాలో హాస్యానికి, ప్రతినాయకునికి పరిమితమైన భాష వార్త చెప్పే అర్హత పొందింది.

అయితే వేదికను కూడా లెక్కలోకి తీసుకుంటే మరో సంగతి స్ఫురిస్తుంది. మాండలికం ప్రధాన బులెటిన్ బల్ల దగ్గరికి రాలేదు. దానికి వేరే సెట్, వేరే సంగీతం, వేరే వేషం, వేరే సమయం కేటాయించబడ్డాయి. బడ్జెట్ వివరాలు, న్యాయస్థాన తీర్పులు, మరణవార్తలు ‘ప్రామాణిక’ వేదిక నుంచే వెలువడ్డాయి. వ్యంగ్యం, ఎకసెక్కం, ఊరి ముచ్చట మాండలిక వేదికకు దక్కాయి. మాండలిక వేదికపై రైతు కష్టం, నీటి ఎద్దడి, అధికారుల నిర్లక్ష్యం చర్చకు రాలేదని కాదు. ఎన్నోసార్లు అవే అక్కడ పదునుగా పలికాయి. కానీ పదును నవ్వు ద్వారానే రావాలన్న షరతు మిగిలింది. భాషకు చోటు దొరకడం ఒకటి, సమాన స్థానం దొరకడం మరొకటి అని ఈ రెండు సెట్ల మధ్య గోడ చెబుతున్నది.

6. ఏ ఘనపూర్?

స్టూడియో ఆధునికతను ఊరి వైపు నుంచి కొలవడానికి ఊరి పేరు మంచి గీటురాయి. పూర్వపు వరంగల్ జిల్లాలో ఘనపూర్ పేరుతో ఒకటికి మించిన మండల కేంద్రాలు ఉన్నాయి. రైలుమార్గంపై ఉన్నది స్టేషన్ ఘనపూర్. జీడికల్లు రామచంద్రస్వామి క్షేత్రం గల మండలం లింగాల ఘనపూర్. కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్నది నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని ఘనపూర్. వ్యవహారంలో ‘ఘన్‌పూర్’, ‘ఘనపురం’, ‘ఘణపురం’, ‘గణపురం’ అనే రూపాలు కలగాపులగంగా కనిపిస్తాయి. స్థానికులకు ఈ భేదాల వల్ల ఇబ్బంది లేదు, ముందుమాటతోనే ఊరు తెలుస్తుంది. తెర అడుగు పట్టీలో చోటు చాలక ముందుమాట జారిపోతే, మిగిలిన ‘ఘనపూర్’ ఏ ఊరిదో ప్రేక్షకునికి తెలియదు. ప్రమాదవార్తలోనో, వరద హెచ్చరికలోనో ఈ అస్పష్టత చిన్న విషయం కాదు. దూరాన ఉన్న బంధువుకు ఆ ఒక్క విశేషణమే ప్రాణప్రదం.

పాలనా విభజనలు ఈ చిక్కును పెంచాయి. 1985లో మండల వ్యవస్థ వచ్చి తాలూకా చిరునామాను తొలగించింది. 2016 అక్టోబర్ 11న తెలంగాణలోని పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో ముప్పై మూడుకు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయ్యాయి. జిల్లాల సరిహద్దులు మారిన ప్రతిసారీ స్టూడియోలోని పటాలు, శీర్షికా ఫలకాలు, వాతావరణ సూచనల చిత్రాలు మారవలసివచ్చింది. ‘వరంగల్ జిల్లా లింగాల ఘనపూర్ మండలం’ అన్న చిరునామా ‘జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలం’ అయింది. స్టేషన్ ఘనపూర్ కూడా జనగామ జిల్లాలోనే చేరడంతో, జిల్లా పేరు చెప్పినంత మాత్రాన రెండు ఘనపూర్‌ల మధ్య సందేహం తీరదు. ముందుమాట మునుపటికన్నా అవసరమైంది.

ఇక్కడే వేదికకు, ఊరికి మధ్యనున్న మండల విలేకరి పాత్ర ముఖ్యమవుతుంది. ఉపగ్రహ వాహనం జిల్లా కేంద్రం వరకే వచ్చే రోజుల నుంచి, మొబైల్ సంకేతాలతో నడిచే వీపుసంచి యంత్రం, ఆపైన కేవలం చేతిలోని ఫోను వరకు ప్రత్యక్ష ప్రసార సాధనాలు చిన్నవయ్యాయి. స్టూడియో గోడ పెద్దదవుతూ వచ్చిన కాలంలోనే విలేకరి సాధనం చిన్నదవుతూ వచ్చింది. ఊరి పేరును సరిగా రాసి పంపేది అతడే, సరిగా పలికించగలిగేది కూడా అతడే. అయినా తెరగోడ ముందు అతనికి దక్కేది ఒక చిన్న కిటికీ, కొన్ని క్షణాల సమయం. 2023లో బిగ్ టీవీ ‘మాయ’ పేరుతో కృత్రిమ మేధ యాంకర్‌ను తెలుగు తెరపైకి తెచ్చింది. యంత్రం పలికే కాలంలో స్థలనామాల ఉచ్చారణకు ప్రామాణికమైన పట్టిక లేకపోతే, ‘ఘనపూర్’ ఎలా పలకాలో, దాని ముందు ఏ మాట ఉండాలో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న మరింత బరువెక్కుతుంది.

7. ఆకరాల సమస్య

ఈ చరిత్ర రాయడానికి ఆకరాలు జారిపోయే స్వభావం గలవి. పాత పత్రిక గ్రంథాలయంలో దొరుకుతుంది. పాత సెట్ దొరకదు. కొత్త వేదిక నిర్మించాలంటే ఉన్న స్థలంలోని పాత వేదికను విప్పక తప్పదు. టేపు ఖరీదైన రోజుల్లో ఒకే టేపును తుడిచి మళ్లీ వాడటం ప్రసార రంగంలో ప్రపంచమంతటా సాగిన అలవాటు. టెలీప్రాంప్టర్ ప్రతి బులెటిన్ ముగియగానే అవసరం తీరిన దస్త్రం. యూనికోడ్‌కు ముందునాటి ఖతులలో రాసిన దస్త్రాలు మిగిలినా వాటిని తెరవడం కష్టం. అందువల్ల శాంతిస్వరూప్ తరపు ‘చదివిన’ తెలుగు, తొలి నిరంతర వార్తల ‘నడిచిన’ తెలుగు రెండూ మౌఖిక సాహిత్యమంత దుర్బల స్థితిలో ఉన్నాయి.

జానపద గేయాన్ని సేకరించడానికి తెలుగు శాఖలు ఊరూరా తిరిగాయి. అదే శ్రద్ధ వార్తా గద్యంపై చూపవలసిన సమయమిది. విశ్రాంత చదువరులు, బులెటిన్ నిర్మాతలు, కెమెరా, దీపాల సిబ్బంది, సెట్ వడ్రంగులు, మండల విలేకరుల మౌఖిక చరిత్రను నమోదు చేయడం మొదటి పని. బులెటిన్ ప్రతులను, ప్రాంప్టర్ దస్త్రాలను, శీర్షికా ఫలకాల నమూనాలను తేదీలతో భద్రపరచడం రెండవది. ప్రతి జిల్లాలోని గ్రామనామాలకు స్థానిక ఉచ్చారణతో, భేదక విశేషణాలతో కూడిన పట్టికను విశ్వవిద్యాలయాలు తయారుచేసి వార్తాసంస్థలకు అందించడం మూడవది. స్థలనామ పరిశోధన తెలుగు శాఖలకు కొత్త విషయం కాదు కనుక ఈ మూడవ పని వెంటనే సాధ్యం.

ఉపసంహారం

ఐదు దశాబ్దాలలో తెలుగు వార్తా వేదిక వ్యాఖ్యానపు గొంతు నుంచి కాగితం బల్లకు, బల్ల నుంచి నడిచే అక్షరాలకు, అక్షరాల నుంచి తెరగోడకు, అక్కడినుంచి కృత్రిమ ముఖానికి చేరింది. వార్తా క్రియ ‘చదవడం’ నుంచి ‘చూపడం’కు, ‘చూపడం’ నుంచి ‘మాట్లాడించడం’కు మారింది. వాక్యం కురచబారింది, ప్రశ్న పెరిగింది. మాండలికం వేదిక ఎక్కింది, కానీ వేరే వేదిక ఎక్కింది. ఈ మార్పులన్నిటిలో సాంకేతిక కారణం, సామాజిక కారణం పెనవేసుకొని ఉన్నాయి. ఒకదానిని వదలి మరొకదానిని వివరించడం అసంపూర్ణమవుతుంది.

వేదిక విస్తరించినంతగా ఊరి చిరునామా స్పష్టం కాలేదన్నది ఈ పరిశీలన తేల్చిన విషయం. గోడంత తెరపై లక్షల చుక్కల కాంతితో వెలిగే దృశ్యంలో, అది ఏ ఘనపూర్ అన్న సమాచారం ఇప్పటికీ ఒక మండల విలేకరి పంపిన మూడు మాటలపైనే ఆధారపడి ఉంది. వార్తా స్టూడియో నాణ్యతకు దీపాలు, తెరలు, కెమెరాలతో పాటు ఆ మూడు మాటలు చెదరకుండా ప్రేక్షకునికి చేరడాన్ని కూడా కొలమానంగా స్వీకరించాలి.